డీసీడీ ఉన్న బాబుకి స్కూల్లో ఏం అడగాలి?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. నోటితో అడిగితే లెక్కలు టకటకా చెప్తాడు, బోర్డు మీదిది నోట్సులోకి ఎక్కించమంటే సగం పేజీకే చెయ్యి నొప్పంటాడు. చొక్కా గుండీలు, టిఫిన్ బాక్సు మూత, అన్నీ యుద్ధమే. డాక్టరుగారు డీసీడీ (డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, అంటే చేతులు, కాళ్లు కదిలించే పనుల్లో పొందిక కుదరకపోవడం) అన్నారు. టీచరేమో బద్ధకం అని రోజూ ఇంపోజిషన్! ఏం చేయాలండీ?

జవాబు 1: ముందు ఆ ఇంపోజిషన్ ఆపించండి, దాంతో రాత బాగుపడదు, రాతంటే భయం పట్టుకుంటుంది అంతే. మా పాపకి బోర్డు మీదిది జిరాక్స్ ఇస్తారు, ఖాళీలు నింపితే చాలు. బెంచీ మీద కాళ్లు గాల్లో వేలాడుతున్నాయని కింద చిన్న పీట వేయించాం, కాళ్లు ఆనాక కుదురుగా కూర్చుని రాస్తోంది (నేనూ మొదట నమ్మలేదు).

జవాబు 2: నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పిస్తాం). ఏ పని రావాలో ఆ పనినే చిన్న చిన్న ముక్కలుగా నేర్పాలి, ఊరికే బంతి పిసికిస్తే గుండీ పెట్టడం రాదు. ఇంకోటి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీస్ (నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు) కింద, డీసీడీకి చాలామంది వాడే డిస్‌ప్రాక్సియా పేరు కూడా ఉంది. పరీక్షల్లో అదనపు టైమ్ గురించి స్కూల్లో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, డాక్టరుగారి రిపోర్టుతోపాటు పీట కూడా పట్టుకెళ్తా.