సమస్యాపూరణం: పొయ్యి రాజేయకే వంట పూర్తియయ్యె

నిర్వాహకుడు:
శనివారం సాయంత్రం మా డాబా మీదికి ఎనిమిది మంది మిత్రులు వస్తున్నారు. ఈ ఎండల్లో వంటింట్లో నిలబడే ఓపిక లేదు. మధ్యధరా తీరం వాళ్ల చల్లటి పదార్థాలు చిన్నచిన్న గిన్నెల్లో పెట్టి కబుర్లు చెప్పుకుంటూ తిందామని అనుకుంటుండగా ఈ పాదం నోటికొచ్చింది. దీన్ని చివరి పాదంగా ఉంచి పై మూడు పాదాలూ మీరు పూరించాలి. పూరణలో ఆ తీరపు వంటకాలే ఉండాలి. మీరు పద్యంలో పెట్టింది నేను బల్ల మీద పెడతాను.

తెనాలి అక్కయ్య:
దోసకాయను పెరుగులో దూసి కలుప
నాలివుల ఫెటా ముక్కల నద్ద నూనె
నాని గోధుమ రవ్వయు నవ్వుచుండ
పొయ్యి రాజేయకే వంట పూర్తియయ్యె

గ్రీకుల జజీకి, ఫెటా జున్ను వేసే వాళ్ల సలాడు, లెబనాన్ వాళ్ల టబూలే. పాదానికొకటి.

నెల్లూరు మాష్టారు:
అక్కయ్యగారూ, రవ్వ నవ్వడం ఎంత బాగుందో! నానిన గింజ విచ్చుకోవడం కళ్లకు కట్టింది. కానీ ‘దూసి’ ఏమిటమ్మా? దూసేది మునగాకుని, కరివేపాకుని. దోసకాయను తురుముతాం. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలన్న యతి కోసమే దూశారని తెలిసిపోతోంది. ‘తురిమి కలుప’ అన్నా యతికి లోటు రాదుగా. ఇంకోమాట, మన కొట్లో దొరికే ఉప్మా రవ్వ పచ్చిది. నానబెట్టి అలాగే పెడితే మిత్రులకు కడుపునొప్పే. టబూలేకి బుల్గర్ కావాలి. అది గోధుమల్ని ముందే ఉడికించి, ఎండబెట్టి, పగలగొట్టినది. అందుకే నీళ్లలో నానితే చాలు.

తెనాలి అక్కయ్య:
‘తురిమి’ ఒప్పుకున్నాను. మూడో పాదం ‘నాని బుల్గరు రవ్వయు నవ్వుచుండ’ అని మార్చుకుంటున్నాను. నవ్వు మాత్రం పోనివ్వను. నిర్వాహకులవారూ, తురిమిన కీరాకి ఉప్పు రాసి పావుగంట ఉంచి గట్టిగా పిండండి. పెరుగుని గుడ్డలో కట్టి వేలాడదీయండి. ఈ రెండూ చెయ్యకపోతే జజీకి కాదు, మజ్జిగ పులుసవుతుంది. టబూలేలో రవ్వ చారెడే, పార్స్లీ ఆకు గుప్పెళ్లకొద్దీ. మన ఊళ్లో పార్స్లీ దొరక్కపోతే కొత్తిమీర, పుదీనా కలిపి వెయ్యండి. రుచి వేరైనా బాగుంటుంది.

ఇక మాష్టారూ, యతి కోసం పదం మార్చడం గురించి మీరే చెప్పాలి! ఉగాది సమస్యలో పచ్చడిలోకి మామిడికాయ బదులు మారేడుకాయ వేసిందెవరు?

నెల్లూరు మాష్టారు:
అది యతి కోసం కాదు. ఆ పద్యం శివపరం. శివుడికి మారేడు పడకపోతే ఇంకేం పడుతుంది? అప్పుడే చెప్పాను, మళ్లీ చెబుతున్నాను. నా పూరణ చూడండి:

కుంపటిని వంగకాయను గుజ్జు జేసి
నువ్వు ముద్దను నిమ్మను నూరి కలుప
మిత్రులెనమండ్రు మెచ్చగ మేను పొంగ
పొయ్యి రాజేయకే వంట పూర్తియయ్యె

బాబా గనూష్. బొగ్గుల మీద తోలు నల్లగా మాడి, లోపల మెత్తబడి, వంకాయ కూలబడాలి. ఆ పొగ వాసనే దాని ప్రాణం. కుంపటి వేరు, పొయ్యి వేరు. సమస్యలో ఉన్నది పొయ్యి.

మల్కాజిగిరి పంతులు:
మాష్టారూ, కుంపటి చమత్కారం భేషుగ్గా ఉంది. ‘మిత్రులెనమండ్రు’ నడక కూడా. అయితే నిమ్మకాయను నూరడమేమిటి? పిండుతాం కదా! నూరాల్సింది వెల్లుల్లి. ‘నువ్వు ముద్దను వెల్లుల్లి నూరి కలుప’ అంటే ఛందస్సూ వంటా రెండూ కుదురుతాయి. నిమ్మరసం పద్యంలో లేకున్నా గిన్నెలో వేసుకోవచ్చు.

తెనాలి అక్కయ్య:
‘మేను పొంగ’ ఎందుకొచ్చిందో కూడా అడగండి పంతులుగారూ. ఆ నాలుగక్షరాలు లేకపోయినా పద్యానికి ఏ లోటూ లేదు. మొన్నటి పూరణలో ‘మనసు పొంగ’, అంతకుముందు ‘ఎడద పొంగ’. మాష్టారి పద్యాల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పొంగుతూనే ఉంటుంది.

నిర్వాహకుడు:
కుంపటి చెల్లుతుంది. మా అమ్మ కుంపటి అటక మీదే ఉంది, దింపుతాను. హమ్మస్ పెడదామా?

మల్కాజిగిరి పంతులు:
కాబూలీ శనగలు ఉడక్కుండా హమ్మస్ లేదు. ముందురోజు ఉడికించినా పొయ్యి రాజేసినట్టే. ఫలాఫెల్‌కి నానబెడితే చాలు గానీ, తర్వాత నూనెలో వేయించాలి. ఈ రెండూ ఈ సమస్యలో ఇమడవు.

డల్లాస్ తమ్ముడు:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పద్యం, స్పెయిన్ వాళ్ల చల్లటి సూపు గాస్పాచో మీద. తప్పులుంటే చెప్పండి.

రామములగలు రొట్టెయు రసము జేసి
చల్లబఱచిన గాస్పాచొ చవులు గొల్ప
గ్లాసులలో మంచు ముక్కల కలిపి యీయ
పొయ్యి రాజేయకే వంట పూర్తియయ్యె

నెల్లూరు మాష్టారు:
తమ్ముడూ, టమాటాను రామములగ అన్నావు చూడు, మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ మాట వాడేవాళ్లు ఈమధ్య కనబడటం లేదు. మూడో పాదంలో ‘లలో మంచు’ దగ్గర ఛందస్సు కాలు జారింది. ‘గ్లాసులందున మంచును కలిపి యీయ’ అంటే సరి. మిగతా మూడు పాదాల్లో వేలుపెట్టడానికేమీ లేదు. మొదటి పద్యానికి ఇది చాలా ఎక్కువ.

తెనాలి అక్కయ్య:
నాకూ బాగా నచ్చింది తమ్ముడూ. ఒక్క సంగతి. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా వాళ్ల గాస్పాచోలోకి టమాటా తర్వాత వచ్చి చేరింది. అమెరికా ఖండాల నుంచి టమాటా రాకముందు అది రొట్టె, వెల్లుల్లి, నూనె, వెనిగర్ కలిపి నూరుకున్న కూలి జనం తిండి. నువ్వు రొట్టెను వదిలెయ్యకుండా మొదటి పాదంలోనే పెట్టావు. దానికి మెచ్చుకోవాలి.

విశాఖ నావికుడు:
ఓడ పని మీద గ్రీసులోని పిరేయస్ రేవులో కొన్నిసార్లు ఆగాను. ఓసారి దారి పక్క చెట్టు మీది ఆలివ్ కాయ కోసి కొరికాను. వేపకాయ నయం. ఉమ్మేసి నీళ్లు పుక్కిలించినా గంటసేపు నాలుక మీద చేదు వదల్లేదు. సాయంత్రం హోటల్లో అదే కాయ తింటే ఎంత కమ్మగా ఉందో! ఉప్పునీళ్లలో నెలల తరబడి ఊరితే గానీ ఆ చేదు విరగదని హోటలాయన చెప్పాడు. మీరంతా పొయ్యి లేకుండా ఎలా వండాలని చూశారు. మన చెయ్యి పడకముందే వండిపెట్టినవాళ్లు ఇంకెవరో ఉన్నారనిపించింది నాకు.

ఎండ తానుగ నంజీరు నెండగట్టె
నుప్పునీరాలివుల చేదు నూడ్చి వేసె
గొఱ్ఱెపాలును జున్నయి కుదురుకొనియె
పొయ్యి రాజేయకే వంట పూర్తియయ్యె

మూడో పాదంలోది ఫెటా. గొర్రెపాలే ముఖ్యం, కాస్త మేకపాలు కలపొచ్చు. 2002 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ పేరు గ్రీసు జున్నుకే దక్కుతుంది. అక్కడి సలాడులో ముక్కలు చెయ్యరు, పలకగా కోసి పైన పెట్టి, ఓరెగానో చల్లి, నూనె పోస్తారు. క్యాబేజీ, లెట్యూస్ లాంటి ఆకులు వెయ్యరు.

నెల్లూరు మాష్టారు:
నావికా, ఇది పూరణ! సమస్యను చుట్టి పక్కకు పోలేదు, నిజం చేసి చూపించావు. ‘చేదు నూడ్చివేసె’ దగ్గర రెండుసార్లు ఆగాను. దూయడం, తురమడం ఏ బాధా లేదు.

తెనాలి అక్కయ్య:
ఆ చివరి మాట నాకేనని తెలిసింది మాష్టారూ. అయినా ఈ పద్యం విషయంలో మీతో నాకు పేచీ లేదు. మూడు పాదాల్లో ముగ్గురు వంటవాళ్లు!

నిర్వాహకుడు:
విందయింది. అక్కయ్యగారి జజీకికి కిలో పెరుగు రాత్రంతా కట్టి ఉంచాను. ముందు ఆ గిన్నే ఖాళీ అయింది. బుల్గర్ పెద్ద కొట్లో దొరికింది. వంకాయలు నాలుగు కుంపటి మీద కాల్చాం, పిల్లలు విసనకర్రతో విసిరారు. గాస్పాచో స్టీలు గ్లాసుల్లో పోశాను. రొట్టె బేకరీది. చివర్న అంజీరు, ఖర్జూరం. ఆలివ్ గిన్నె దగ్గర నావికుడిగారి పద్యం చదివి వినిపిస్తే, తెలుగు రాని మిత్రుడొకాయన అర్థం అడిగి మరీ రాసుకున్నాడు. మధ్యధరా భోజనాన్ని యునెస్కో 2010లో వారసత్వ జాబితాలో చేర్చి, 2013లో ఏడు దేశాలకు విస్తరించింది. అందులో వంటతోపాటు కలిసి కూర్చుని తినడం కూడా ఉంది. రాత్రి పదకొండు దాకా ఎవరూ లేవలేదు.

తెనాలి అక్కయ్య:
సంతోషం. మాష్టారూ, ‘మేను పొంగ’ ఇంకా అలాగే ఉంది.

నెల్లూరు మాష్టారు:
తీసేశాను. ‘మిత్రులెనమండ్రు రొట్టెతో మెచ్చి తినగ’.

తెనాలి అక్కయ్య:
ఇప్పుడు బాగుంది.