ఎక్స్‌రే, గామా, కాథోడ్, కాస్మిక్: అన్నీ ఒకే జాతి కిరణాలా?

ప్రశ్న – మధురవాడ నుంచి ఒక తండ్రి

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతున్నది. మొన్న జారిపడి మణికట్టు వాచితే ఎక్స్‌రే తీయించాము. ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూస్తూ, “ఎక్స్, గామా, కాథోడ్, కాస్మిక్ కిరణాలు అన్నీ ఒకే జాతివా నాన్నా?” అని అడిగింది. బి.కాం. చదివిన నా దగ్గర జవాబు లేకపోయింది. తెలిసిన పెద్దలు వివరించగలరని మనవి.

జవాబు – విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, ఎం.వి.పి. కాలనీ

అయ్యా, తికమక మీ అమ్మాయిది కాదు, పేర్లది. ఏదో ఒకటి తిన్నగా దూసుకుపోతున్నదని తెలిసి, అదేమిటో తెలియని రోజుల్లో శాస్త్రజ్ఞులు దానికి కిరణమని పేరు పెట్టేశారు. 1895లో రాంట్‌జెన్ తాను కనుగొన్నదాని స్వభావం అంతుపట్టకనే, గణితంలో తెలియని రాశికి రాసే ఎక్స్‌ను దానికి తగిలించాడు. తరువాత తేలిందేమంటే, వీటిలో కొన్ని అసలు వెలుగు జాతివే కావు. గాలి తీసేసిన గొట్టంలో కాథోడ్ అనే రుణధ్రువం నుంచి వెలువడే కాథోడ్ కిరణాలు రుణావేశమున్న కణాల ప్రవాహమని 1897లో జె.జె. థామ్సన్ చూపాడు, ఆ కణాలే ఎలక్ట్రాన్లు, పాత డబ్బా టీవీ తెర మీద బొమ్మ గీసినవీ అవే. బీటా కిరణాలూ ఎలక్ట్రాన్లే. ఆల్ఫా కిరణాలు హీలియం కేంద్రకాలు, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు చాలావరకు ప్రోటాన్లు.

ఎక్స్, గామా, అతినీలలోహిత, పరారుణ కిరణాలు మాత్రం వెలుగుకు తోబుట్టువులు, తరంగదైర్ఘ్యమే తేడా. పరారుణం కంటికి కనపడదు గాని, టీవీ రిమోట్ విడిచేది అదే, బటన్ నొక్కి ఫోన్ కెమెరాలో చూడండి. గామా పరమాణు కేంద్రకంలో నుంచి వస్తుంది, ఎక్స్ కిరణం కేంద్రకం వెలుపల ఎలక్ట్రాన్ల వల్ల పుడుతుంది.

జవాబు – వెల్డింగ్ తనిఖీ ఉద్యోగి, గాజువాక

మాస్టారు చెప్పిన చివరి తేడా మా పనిలో ప్రాణాల మీదికి వచ్చే తేడా. ఎక్స్‌రే యంత్రానికి స్విచ్ ఆపితే కిరణం ఉండదు. గొట్టాల అతుకులు పరీక్షించడానికి మేము వాడే ఇరిడియం-192 తనంతట తానే గామా కిరణాలు విడిచే లోహం, దానికి స్విచ్ లేదు. దాన్ని కవచపు పెట్టెలోకి తిరిగి లాగి, మీటరుతో సరిచూసుకున్నాకనే చుట్టూ కట్టిన తాడు విప్పుతాము. దాని అర్ధాయువు, అంటే బలం సగానికి తగ్గే కాలం, సుమారు 74 రోజులు కనుక, రెండున్నర నెలలకు అదే అతుకు ఫొటోకు రెట్టింపు సమయం పడుతుంది. అతుకులో గాలి బుడగ చిక్కితే, అక్కడ కిరణాలు ఎక్కువగా దాటి ఫిల్ము మీద నల్లచుక్క పడుతుంది. మీ అమ్మాయి ఎముక కిరణాలను అడ్డుకుని తెల్లగా కనిపించడం దీనికి తలకిందులు.

ప్రశ్న అడిగిన తండ్రి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోనులో రిమోట్ వెలుగు లేత ఊదారంగులో కనిపించింది. కాస్మిక్ కిరణాలు మనకూ తగులుతాయా అని ఇప్పుడు అడుగుతున్నది.

జవాబు – విశ్రాంత అధ్యాపకుడు

అవి పైగాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్లు, అంటే ఎలక్ట్రాన్‌ను పోలిన బరువైన కణాలు, సముద్రమట్టం వద్ద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున దిగుతాయి. అంటే అరచేయి చాపితే నిమిషానికి వంద దాకా. ఆకాశం సంగతి అది. ఇక నేల మాటకు వస్తే, భీమిలి ఇసుకలో ఉండే మోనజైటు అనే ఖనిజంలో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉన్నది, అది ఆల్ఫా కిరణాలు విడుస్తుంది. కాకపోతే వాటిని ఒక కాగితం ఆపేస్తుంది.