మోగని గాబ్లెట్ నకిలీదేనా? పాత అమెరికన్ అచ్చు గాజు సామాను సందేహాలు

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం. ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మేసే చోట) వెస్ట్‌వర్డ్ హో డిజైన్ గాబ్లెట్ (కింద కాడ ఉండే గ్లాసు), డైసీ అండ్ బటన్ డిజైన్‌లో నాలుగు ముక్కల సెట్ (మూత ఉన్న వెన్న గిన్నె, మూత ఉన్న చక్కెర గిన్నె, పాల మీగడ పోసే చిన్న జగ్గు క్రీమర్, చెంచాలు నిలబెట్టే స్పూనర్) పెట్టారు. గాబ్లెట్‌ని గోటితో కొడితే టక్కుమంటోంది గానీ మోగట్లేదు. వెన్న గిన్నె లోపల తెల్లటి పొర ఉంది. తీసుకోవచ్చా?

జవాబు 1: మోత పరీక్ష దీనికి పనికిరాదండీ. మోగేది సీసం కలిసిన గాజు. 1864లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం వీలింగ్‌లోని హాబ్స్ బ్రాకునియర్ ఫ్యాక్టరీలో విలియం లైటన్ మంచి సోడా–సున్నం గాజు తయారుచేశాక, చవగ్గా వస్తోందని మిగతావాళ్లూ చాలామంది అటే మళ్లారు. వెస్ట్‌వర్డ్ హోని ఫిలడెల్ఫియాలో గిల్లిండర్ అండ్ సన్స్ 1870ల చివర్లో చేసింది. అసలుదే పెద్దగా మోగదు.

చూడాల్సింది బొమ్మని. 10 రెట్ల భూతద్దంతో దున్న బొచ్చు, జింక మొహం, దుంగల ఇంటి మీది గీతలు చూడండి. పాత అచ్చులో ఒక్కో గీత విడిగా తెలుస్తుంది. 20వ శతాబ్దపు కొత్త అచ్చుల్లో అవి మొద్దుబారి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫ్రాస్టింగ్ (గాజుని మసకగా చేసిన భాగం) పాతదైతే బూడిద ఛాయతో నునుపుగా ఉంటుంది, కొత్తది సుద్ద పూసినట్టు తెల్లగా గరుగ్గా ఉంటుంది. గాబ్లెట్ రంగుదైతే ఇక వెతకక్కర్లేదు, కొత్తదే.

తర్వాత గాబ్లెట్ అడుగుభాగం చూడండి. బల్లకి ఆనే వలయం మీద మాత్రమే, తలో దిక్కుకి, తలో లోతులో గీతలుండాలి. అన్నీ ఒకే వాటంగా ఉంటే ఉప్పుకాగితం పని. గీతలు తక్కువున్నంత మాత్రాన కొత్తదనుకోకండి, అల్మారా దాటనివీ ఉంటాయి.

జవాబు 2: డైసీ అండ్ బటన్‌తోనే అసలు తలనొప్పి. 1880ల్లో చాలా ఫ్యాక్టరీలు చేశాయి, 20వ శతాబ్దంలో ఫెంటన్ లాంటివీ చేశాయి. పాత కేటలాగు బొమ్మతో ఆకారం, కొలతలు సరిపోతే తప్ప పాత ధర పెట్టకండి. పసుపుపచ్చ ముక్క మీద యూవీ టార్చి వేస్తే ఆకుపచ్చగా వెలిగిందని మురిసిపోకండి. అందులో యురేనియం ఉందని తేలుతుంది, వయసు తేలదు. ముదురు ఊదా రంగున్నవి వదిలేయండి. మాంగనీసున్న పాత గాజు ఎండకి లేత ఊదాగా మారే మాట నిజమే గానీ, ఆ ముదురు రంగు కృత్రిమంగా రేడియేషన్ పట్టించినది.

తెల్ల పొర రెండు రకాలు. నీళ్ల సున్నమైతే తెల్ల వెనిగర్, గోరువెచ్చని నీళ్లు సమంగా కలిపి రాత్రంతా నానబెట్టి, మెత్తని బ్రష్షుతో రుద్దితే పోతుంది. అప్పటికీ పోలేదంటే తేమకో డిష్‌వాషర్‌కో గాజు పైపొరే తినేసుకుపోయిందన్నమాట. ఇంట్లో బాగుచేయలేం. తడిపినా, మినరల్ ఆయిల్ రాసినా ఏ పొరైనా కనబడకుండా పోతుంది, అమ్మేవాళ్లలో కొందరి కిటుకు ఇదే. పొడి టిష్యూతో గట్టిగా తుడిచాకే చూడండి.

అడిగినవారు: గాబ్లెట్ గిన్నె మధ్యలో అంగుళం గీత ఉంది. పగులేనా?

జవాబు 1: కానక్కర్లేదు. కరిగిన గాజు ముద్దని కత్తెరతో కోసి అచ్చులో వేస్తారు. కోసినచోట గాజు కాస్త చల్లబడి మడతలా మిగిలిపోతుంది. దీన్ని స్ట్రా మార్క్ అంటారు, లోపం కింద లెక్కపెట్టరు. పగులైతే సాధారణంగా అంచు నుంచో దెబ్బ తగిలిన చోటు నుంచో మొదలవుతుంది, ఫోన్ లైటు ముందు తిప్పుతుంటే ఒక కోణంలో వెండిలా తళుక్కుమంటుంది. మడత అలా మెరవదు.

అంచుని మాత్రం కళ్లతో కాదు, గోటితో చూడండి. నిప్పుసెగకి నున్నబడిన పాత అంచు గుండ్రంగా ఉంటుంది. పెచ్చు ఊడితే అరగదీసి అమ్ముతారు, అప్పుడది బల్లపరుపుగా, కొసలు పదునుగా తగులుతుంది. డిజైన్ పైభాగం నుంచి అంచుకి ఉన్న దూరం నాలుగుచోట్ల కొలవండి, ఒకచోట తగ్గితే అనుమానించాల్సిందే.

జవాబు 3: మూతల సంగతి ఎవరూ చెప్పలేదు. చక్కెర గిన్నె మూతని పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి. బాగా ఊగినా, ఒకచోట బిగిసినా అది వేరే గిన్నెది కావచ్చు. మూతలేని చక్కెర గిన్నెని స్పూనర్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. లోపలి అంచున మూత కూర్చునే మెట్టు ఉంటే అది చక్కెర గిన్నే.

కడిగేటప్పుడు ప్లాస్టిక్ టబ్బులో టవల్ పరిచి, ఒకసారికి ఒకే ముక్క. బంగారు పూతో, కెంపు రంగు పూతో ఉంటే వెనిగర్‌లో నానబెట్టొద్దు, అమ్మోనియా తగలనివ్వొద్దు. చలికాలంలో కారు డిక్కీలోంచి తెచ్చీ తేగానే వేడినీళ్లు పోస్తే ఠప్పున పగులుతుంది, మూడు నాలుగు గంటలు గదిలో ఉంచాక కడగండి.