సమస్యాపూరణం: "ఇల్లు కట్టి పిదప నిటుకఁ బేర్చె"

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఇటుక లేకుండా ఇల్లు లేవదు కనుక, ఇల్లు కట్టిన తరువాత ఇటుక పేర్చడమన్నది అసంబద్ధంగా తోస్తుంది; ముందు మూడు పాదాలు రాసి దానికి అర్థం కుదర్చాలి. మోడల్ రైల్వే లేఔట్‌పై (చిన్న కొలతలో పరిచిన రైలు నమూనాపై) కిట్లతో, అంటే విడిభాగాల పెట్టెలతో, కట్టే స్టేషన్లు, గోదాములు, కేబిన్ల విషయంగానే పూరించవలసిందిగా మనవి.

చిత్తూరు సభ్యుడు:
అట్ట గోడ లోన నడ్డకఱ్ఱలఁ బెట్టి
మూల మూల జిగురు మోపి యొత్తి
ఎఱ్ఱ కాగితమ్ము నెలమిఁ బైనంటించి
ఇల్లు కట్టి పిదప నిటుకఁ బేర్చె.

చంద్రగిరి సభ్యురాలు:
గోడ గీఁతలందు గోరంత సున్నమ్ము
పలుచఁ జేసి పూసి పైనఁ దుడువ
వరుస వరుస తేలె, వన్నె వేసినవాఁడె
ఇల్లు కట్టి పిదప నిటుకఁ బేర్చె.

పాకాల సభ్యుడు:
రైలు బొమ్మ కొఱకు పాకాల నొకచోట
చెక్క రెండు వైపు చిమ్మి రంగు
వంక లేక నిలిపి వారాంతమున వచ్చి
ఇల్లు కట్టి పిదప నిటుకఁ బేర్చె.

నిర్వాహకుడు:
చిత్తూరు వారి పద్యంలో "ఎలమి" (సంతోషం) యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలోని అక్షరం కుదరడం కోసం, వచ్చిన మాటే. జిగురు ఆరేదాకా గోడను పట్టుకొని కూర్చున్నవారికి ఎలమి ఎక్కడిది? అయినా కట్టడం తెలిసిన చేయి ఇది. అట్ట కిట్‌లో ఇటుక కాగితం అలంకారం మాత్రమే, బలమంతా లోపలి మూలల్లో అతికించే చదరపు కఱ్ఱపుల్లలదీ, పొడవైన గోడకు అడ్డంగా వేసే పట్టీలదీ. తెల్ల జిగురులో నీరుంటుంది కనుక పలుచగా పూసి, ఆరేవరకు బరువు పెట్టకపోతే అట్ట ఉబ్బుతుంది.

చంద్రగిరి వారి పూరణలో వైరుధ్యం పూర్తిగా విడిపోయింది. ప్లాస్టిక్ గోడలో ఇటుకలు అచ్చులోనే ఉన్నా, ఎర్ర రంగు మీద పలుచని తెలుపు పూసి తుడిచేదాకా కంటికి ఆనవు. 1:87 కొలతలో (అసలులో 87వ వంతు) తొమ్మిదంగుళాల ఇటుక పొడవు సుమారు 2.6 మిల్లీమీటర్లే కాబట్టి "గోరంత" కూడా ఎక్కువే. తుడిచేటప్పుడు గుడ్డను వరుసల వెంట లాగితే గీతలోని తెలుపు కూడా పోతుంది, ఏటవాలుగా లాగాలి. పద్యంగా నా ఓటు దీనికే, కట్టడంగా మాత్రం చిత్తూరు వారికి.

పాకాల వారి మొదటి పాదంలో రై–పా యతి చెల్లదు. "రాయలసీమలో" అని మారిస్తే యతి నిలుస్తుంది గాని పాకాల పోతుంది. రెండో పాదం మాత్రం అనుభవం మీద వచ్చింది: ఒక వైపే తడిసిన పలుచని చెక్క అప్పడంలా వంకర తిరుగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో ఆ బాధ మరీ ఎక్కువ. ఇక ఇటుక ఎలా వచ్చిందో చెప్పలేదు, వారాంతం వచ్చిందని మాత్రం చెప్పారు!

పాకాల సభ్యుడు:
మీ సూచనకు కృతజ్ఞతలండీ. నేను కడుతున్నది మీటరు గేజు (పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు) నాటి పాకాల కనుక ఊరి పేరు వదలలేను. సవరణ చూడగలరు.

పాత రైలు దారిఁ బాకాల నొకచోట
చెక్క రెండు వైపు చిమ్మి రంగు
వంగకుండ నిలిపి వరుసలు పై గీసి
ఇల్లు కట్టి పిదప నిటుకఁ బేర్చె.

రంగు ఆరిన తరువాత తెల్ల పెన్సిలుతో గీస్తున్నాను.

నిర్వాహకుడు:
పా–బా యతి చక్కగా కుదిరింది, ఇటుకకూ దారి దొరికింది. గీసేటప్పుడు ఒక వరుసలోని నిలువు గీత కింది వరుస ఇటుకకు నడిమధ్యన పడేలా చూడండి. అతుకు మీద అతుకు వస్తే మేస్త్రీ ఎవరైనా మొదట దాన్నే పట్టుకుంటాడు.