డిగ్రీ ఫస్టియర్ సైకాలజీలో అసలు ఏం చెబుతారు?

అందరికీ నమస్తే. ఇంటర్ ఎంపీసీ అయ్యాక దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) బీఏ పెట్టుకున్నాను, అందులో సైకాలజీ ఉంది. డిగ్రీ అవగానే క్లినిక్ తెరుస్తానని నాన్న నమ్మకం. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు కూడా చేయాలని ఇంకా చెప్పలేదు, మెల్లగా చెబుతాను.

కలలు, డిప్రెషన్, ఫ్రాయిడ్ ఉంటాయనుకున్నాను. సీనియర్ నోట్సు చూస్తే 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే శాస్త్రవేత్త పెట్టిన సైకాలజీ ల్యాబ్‌తో మొదలైంది. ఆ తర్వాత న్యూరాన్లు (నాడీకణాలు), మెదడు భాగాలు, గంట వింటే నోరూరే పావ్లోవ్ కుక్కలు, జ్ఞాపకశక్తి. మానసిక జబ్బుల ఊసే లేదు! మొదటి ఏడాది అంతా ఇంతేనా?

లెక్కలు చదివాను కాబట్టి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ అంటే భయం లేదు. బయాలజీ మాత్రం పదో తరగతితోనే వదిలేశాను. రెండు న్యూరాన్లు కలిసే సినాప్స్ దగ్గర రసాయనాలు ఎలా దాటుతాయో బొమ్మ చూసినా బుర్రకెక్కలేదు. అంత లోతుగా అడుగుతారా, లేక బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తే చాలా?

ప్రాక్టికల్స్ గురించి కూడా చెప్పండి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మీద పెన్సిల్ నడిపించే ప్రయోగం నోట్సులో ఉంది. ఇంట్లో చేసి చూశాను, మూల తిరిగే చోట చెయ్యి అటూ ఇటూ కొట్టుకుంటోంది. భలే ఉంది కానీ, రికార్డులో ఏం రాయాలి? ప్రయోగానికి మనిషిని మనమే తెచ్చుకోవాలా, క్లాసులో వాళ్లే ఒకరికొకరు సరిపోతారా?

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో ఈ సబ్జెక్టు చదివిన అన్నలు, అక్కలు ఉంటే, మొదటి నెలలో ఎలా నెట్టుకొచ్చారో కాస్త చెప్పండి ప్లీజ్.