కడుపు మీద సంచి పెట్టినంక నాయన తిండి తగ్గించిండు, ఏం చెయ్యాలె?

ప్రశ్న (మిర్యాలగూడ):
నాయనకు పెద్దపేగు చివర్ల క్యాన్సర్ ఆపరేషన్ చేసి, కడుపు మీద కుడి పక్కకు మలం పడేటందుకు సంచి పెట్టిండ్రు. కొన్ని నెలలైనంక పేగు మళ్ల కలుపుతమన్నరు. సంచి దినాం ఊడొస్తున్నది, చుట్టు తోలు కమిలి మండుతున్నది. నిండొద్దని అన్నం, నీళ్లు రెండూ తగ్గించిండు. అరుగు మీదికి గూడ వస్తలేడు. ఎట్ల నచ్చజెప్పాలె?

జవాబు 1:
నచ్చజెప్పుడు తర్వాత, ముందుగాల కారుడు ఆపుండ్రి. కారే సంచితోని నలుగుర్ల ఎవరు కూసుంటరు?

తప్పు మస్తుసార్లు ఫ్లాంజ్ (సంచిని తోలుకు అంటించే పట్టీ) కత్తిరించుట్లనే ఉంటది. ఆపరేషన్ అయినంక 6-8 వారాల దాక స్టోమా (కడుపు మీదికి తీసిన పేగు మూతి) చిన్నగైతుంటది. పాత కొలతకే కత్తిరిస్తే తోలు బయటపడి, మలం తగిలి కాలుతది. వారానికోసారి కొలిచి, స్టోమా కన్న 2-3 మి.మీ. మాత్రమే పెద్దగ కత్తిరించుండ్రి.

పొద్దుగాల ఏం తినకముందు మార్చాలె, అప్పుడు కారుడు తక్కువ. ఉత్త నీళ్లతోని కడిగి పూర్తిగ ఆరనియ్యాలె. కొబ్బరినూనె, డెటాల్ వద్దు. నూనె తగిలితే ఫ్లాంజ్ అంటదు. తోలు చెమ్మగిల్లితే స్టోమా పౌడర్ పల్చగ చల్లి, మిగిలింది దులిపెయ్యాలె. అంటించినంక రెండు నిమిషాలు అరచెయ్యి అదిమిపెడితే ఆ వేడికి పట్టుకుంటది. మూడో వంతు నిండంగనే ఖాళీ చెయ్యుండ్రి, బరువుకు గూడ ఊడుతది.

జవాబు 2:
కుడి పక్కన అంటున్నారు, ఇలియోస్టమీ (చిన్నపేగును కడుపు మీదికి తీయడం) అయి ఉండొచ్చు. డిశ్చార్జ్ కాగితంలో చూడండి. అదే అయితే నీళ్లు తగ్గించడం లీకేజీ కన్నా ప్రమాదం. పెద్దపేగు పీల్చుకోవాల్సిన ఉప్పు, నీళ్లు ఇప్పుడు సంచిలోకే పోతాయి. తినకపోయినా సంచి ఆగదు, గ్యాస్ మాత్రం పెరుగుతుంది.

సంచిలోది కొలత గిన్నెలో పోసి చూడండి. రోజుకు లీటరున్నర దాటినా, మూత్రం తగ్గి లేచి నిలబడితే కళ్లు తిరిగినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం కాదు. బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే అడిగి ఇవ్వండి. మొదటి ఆరు వారాలు పల్లీలు, మక్కలు, పచ్చికొబ్బరి వద్దు, అడ్డం పడతాయి. బత్తాయి రసం వడగట్టి ఇవ్వొచ్చు, తొనలు వద్దు. సంచిలోకి ఏమీ రాక కడుపు మెలిపెట్టి వాంతులైనా, స్టోమా నల్లబడినా ఆగకుండా ఆస్పత్రికి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి ఏడుస్తున్నడు, అడిగితే చెప్పడు.

జవాబు 3:
"ఏం కాదు" అనకుండ్రి, ఆ మాటతోని ఇంకింత నోరు మూసుకుంటరు. వాసన భయమా, మళ్ల కలపరనా, ఒక్కొక్కటి అడుగుండ్రి. ఇది అంటుకునే రోగం కాదు, కంచం, గ్లాసు వేరే పెట్టొద్దు. ఖాళీ చేసుడు ఆయనకే నేర్పుండ్రి. కోడలితోని చేపించుకునుడే చాలమందికి పెద్ద సిగ్గు. ఏడుపు రెండు వారాలు దాటినా, బతుకు వద్దన్న మాట ఒక్కసారొచ్చినా టెలి మానస్ (మనసు బాధలకు సర్కారు ఫోన్ సాయం) 14416కు ఫోన్ చెయ్యుండ్రి, తెలుగుల మాట్లాడుతరు, పైసలు లెవ్వు.