ఇన్నేళ్లకి మొదటిసారి కోవిడ్, అమెరికా వచ్చి నెల కూడా కాలేదు, సలహా చెప్పండి

కొత్తబ్యాచ్:
అందరికీ నమస్కారం. ఎంఎస్ ఫస్ట్ సెమిస్టర్. 2020 నుంచి మా ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చింది, సెకండ్ వేవ్‌లో నాన్నగారిని హాస్పిటల్లో కూడా పెట్టాం, నాకు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇక్కడికొచ్చాక పట్టుకుంది. మొన్న రాత్రి గొంతులో గరగర, నిన్న టెస్ట్ చేస్తే నెగటివ్, ఇవాళ పొద్దున జ్వరం 102, మళ్లీ చేస్తే కిట్ మీద T అని ఉన్న చోట చాలా పల్చగా గీత వచ్చింది, కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చూస్తే గానీ కనపడట్లేదు. అది పాజిటివే అంటారా? నలుగురం ఉంటాం, ఒకటే బాత్రూమ్. వాళ్లకి ఇంకా చెప్పలేదు, చెప్తే వెళ్లిపొమ్మంటారేమోనని భయంగా ఉంది. క్లాసులు పోతే సెవిస్‌లో, అదే విదేశీ విద్యార్థుల వీసా రికార్డులుండే సిస్టమ్‌లో, ఏమైనా తేడా వస్తుందా? అమ్మ బ్యాగులో అజిత్రోమైసిన్, డోలో 650, ఒక స్టెరాయిడ్ మాత్రల స్ట్రిప్ పెట్టింది, వేసుకోవచ్చా?

పాతకాపు:
తమ్ముడూ కంగారు పడకు. పల్చగా ఉన్నా గీత గీతే, పాజిటివే. రూల్ ఏంటంటే 5 రోజులు గదిలోంచి బయటికి రాకూడదు, తర్వాత 5 రోజులు మాస్క్, ఇది ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన రూల్, అందరికీ ఒకటే. టెస్ట్ కిట్లు నువ్వు కొనక్కర్లేదు, ఇన్సూరెన్స్ వాళ్లు నెలకి 8 ఫ్రీగా ఇవ్వాలి, ఫోన్ చేసి గట్టిగా అడుగు.

కానీ నువ్వు అసలు అడగాల్సింది వేరే ఉంది. లీజులో నీ పేరుందా? కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది ఎవరి లీజులోనో సర్దుకుని ఉండిపోతారు, ఒంట్లో బాగున్నన్నాళ్లు ఏ గొడవా ఉండదు, జ్వరం వచ్చిన రోజు తెలుస్తుంది మన పరిస్థితి ఏంటో. నా సంగతే చెప్తా. 2022 జనవరి, ఒమిక్రాన్ బాగా ఉన్న టైమ్. ఒకాయన ఇంట్లో కింద బేస్‌మెంట్ గదిలో ఉండేవాడిని, కాగితం ఏం లేదు, అంతా నోటి మాట. నా దగ్గు పైకి వినపడింది. ఆయన మెట్లు సగం దిగి, మూతికి టవల్ అడ్డం పెట్టుకుని, పిల్లలున్న ఇల్లు, రాత్రికల్లా వేరే చోటు చూసుకో అన్నాడు. పరాయివాడు కాదు, తెలుగువాడే. ఒళ్లు కాలిపోతుంటే సూట్‌కేస్ సర్దడం మొదలుపెట్టా. మా టీమ్‌లో ఒక పెద్దావిడ ఫోన్లో విషయం విని, నువ్వు ఎక్కడికీ కదలకు, కోర్టు ఆర్డర్ లేకుండా నిన్ను బయటికి పంపకూడదు, ఆ ముక్కే మెసేజ్‌లో రాసి పెట్టు అంది. పెట్టా. వెంటనే వైఫై పాస్‌వర్డ్ మారిపోయింది. హీటర్ కంట్రోల్ పైన ఆయన దగ్గరే ఉండేది, అది కూడా తగ్గించేశాడు. జాకెట్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని దుప్పట్లో పడుకున్నా. చిన్న గది థర్మామీటర్ ఒకటి ఉండేది నా దగ్గర, దాన్ని గోడకి ఆనించి టైమ్ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకున్నా, ఆ ఫోటోలు సిటీ హౌసింగ్ ఇన్‌స్పెక్షన్ వాళ్లకి పంపిస్తున్నా అని రాస్తే అప్పుడు వేడి వచ్చింది.

అది అయింది అనుకుంటే ఆఫీసు. నాకు తగ్గిపోయింది, లేచి తిరుగుతున్నా, హెచ్‌ఆర్ మాత్రం పీసీఆర్ అనే ల్యాబ్ టెస్ట్‌లో నెగటివ్ రిపోర్ట్ ఉంటేనే లోపలికి అంది. చేయిస్తే పాజిటివ్. ఆగి మళ్లీ చేయిస్తే మళ్లీ పాజిటివ్. బిల్లింగ్ ఆగింది, జీతం ఆగింది, హెచ్1బి మీద ఉన్నవాడికి పే స్టబ్, అదే జీతం కాగితం, లేకపోతే వీసా ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. చివరికి డాక్టర్ లెటర్ పట్టుకెళ్తే గానీ తలుపు తీయలేదు. అందుకే చెప్తున్నా, ఎవరేం చెప్పినా రాతలో తీసుకో, నువ్వు చెప్పేదీ రాతలో పెట్టు.

ఫార్మసీ అక్క:
పాతకాపు గారూ, మీరు పడింది చిన్న కష్టం కాదు. కానీ రూల్స్ రెండూ పాతవి చెప్పారు, ఈ అబ్బాయి వాటినే పట్టుకుంటాడని రాస్తున్నా. 5 రోజుల ఐసోలేషన్‌ని సీడీసీ 2024 మార్చి 1న తీసేసింది. ఇప్పుడు చెప్పేది, జ్వరం మాత్ర వేసుకోకుండానే 24 గంటల పాటు జ్వరం లేకుండా ఉండాలి, మిగతావి కూడా మొత్తం మీద తగ్గుముఖం పట్టి ఉండాలి, అప్పుడు బయటికి రావచ్చు, ఆ తర్వాత 5 రోజులు మాస్క్, గాలి ఆడే చోటు చూసుకోవడం. నెలకి 8 కిట్లు అన్నది కూడా 2023 మే 11న హెల్త్ ఎమర్జెన్సీ అయిపోవడంతో పాటే పోయింది. ఇప్పుడు ప్లాన్ బట్టి ఉంటుంది, క్యాంపస్ హెల్త్ సెంటర్లో అడుగు తమ్ముడూ.

ఇక నీ మాత్రల సంగతి, అదే నాకు భయం వేసింది. ఆ స్టెరాయిడ్ స్ట్రిప్ ముట్టుకోకు. ఆక్సిజన్ అవసరం పడినవాళ్లకి డెక్సామెథాసోన్ ప్రాణం నిలబెట్టిందని 2020లో బ్రిటన్లో చేసిన రికవరీ ట్రయల్ చూపించింది, అదే ట్రయల్లో ఆక్సిజన్ అక్కర్లేని వాళ్లకి దాని వల్ల లాభం ఏమీ కనపడలేదు. ఆ రెండో సగం మనవాళ్లకి చేరలేదు, 2021లో ఇంటింటా స్టెరాయిడ్లు వేసుకున్నారు, షుగర్ ఉన్నవాళ్లకి బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు పోయాయి. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడాల్సింది నీ ఇమ్యూనిటీ, దాన్ని నువ్వే తొక్కేస్తావు. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాకి, వైరస్‌కి పనిచేయదు, దాన్ని కూడా లోపల పెట్టేయ్. డోలో వేసుకో, ఇక్కడ టైలెనాల్ అంటే అదే మందు, ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు మనం పారాసిటమాల్ అంటాం. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, డోలో వేసుకుని, పైన డేక్విల్, రాత్రికి నైక్విల్ అనే జలుబు మందులు తాగుతారు, వాటిలోనూ అదే ఉంటుంది. అన్నీ కలిపి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, దాటితే లివర్‌కి దెబ్బ. డబ్బా వెనక అసిటమినోఫెన్ అన్న మాట కోసం వెతుకు.

టెస్ట్ గురించి, నిన్న నెగటివ్ ఇవాళ పాజిటివ్ మామూలే. ముక్కులో వైరస్ ఒక స్థాయికి చేరితే గానీ ఈ టెస్టులు గీత చూపించవు, ఇప్పుడు చాలామందికి లక్షణాలే ముందు మొదలవుతున్నాయి. అందుకే నెగటివ్ వస్తే 48 గంటలు ఆగి మళ్లీ చేయమంటారు. కిట్ కాగితం మీద ఎన్ని నిమిషాల్లో చూడాలో ఉంటుంది, ఆ టైమ్ లోపల వచ్చిన గీత ఎంత పల్చగా ఉన్నా లెక్కే, గంటల తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనపడే గీత లెక్క కాదు.

పాతకాపు:
అక్కా, రూల్ మారిందంటే మారనీ, వైరస్ మారిందా? 24 గంటలు జ్వరం లేదని క్లాసుకి పోయి పక్కవాడికి అంటించడమేగా. నేను ఇప్పటికీ 5 రోజులే అంటా. ఇంకో విషయం, కోవిడ్‌కి ఇచ్చే పాక్స్‌లోవిడ్ మాత్రలు ఎందుకు చెప్పలేదు? మా ఆఫీసులో అందరూ అదే వేసుకున్నారు, రెండ్రోజుల్లో లేచారు.

ఫార్మసీ అక్క:
జ్వరం పోయాక కూడా అంటుకుంటుంది, నిజమే, అందుకే ఆ 5 రోజుల మాస్క్. తమ్ముడికి వీలైతే క్లాసుకి వెళ్లేముందు ఇంకో ఇంటి టెస్ట్ చేసుకుంటే మరీ మంచిది, గీత ముదురుగా ఉంటే ఇంకా ఆగొచ్చు.

పాక్స్‌లోవిడ్ కావాలని చెప్పలేదు. అది ముదిరే ప్రమాదం ఉన్నవాళ్లకి, పెద్దవయసు, షుగర్, గుండె జబ్బు, ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్లకి. లక్షణాలు మొదలైన 5 రోజుల లోపే మొదలుపెట్టాలి, అందుకే నీకు ఆస్తమా, షుగర్, బీపీ లాంటివి ఏమైనా ఉంటే ఇవాళే హెల్త్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి, వీకెండ్ దాటాక చూద్దాం అనుకోకు. అలాంటివేం లేని మనిషికి దాని వల్ల లక్షణాలు తొందరగా తగ్గినట్టు ట్రయల్లో తేలలేదు, 2024లో ఆ రిజల్ట్స్ వచ్చాయి. మీ ఆఫీసు వాళ్లు మందు లేకుండా కూడా లేచేవాళ్లేమో. అందులో రిటోనవిర్ అనే ముక్క వేరే మందుల్ని ఒంట్లోంచి పోనివ్వదు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, రక్తం పల్చబడే మందులతో కలిస్తే ప్రమాదం. ఫార్మసీలో ఏమేం వాడుతున్నావని అడిగితే అన్నీ చెప్పాలి, ఆయుర్వేదంతో సహా.

ల్యాబ్ తమ్ముడు:
ఒక్క మాట. ఎప్పుడూ రాలేదు అని ఎవరూ గట్టిగా చెప్పలేరు బ్రో, లక్షణాలు లేకుండా వచ్చి పోయి ఉండొచ్చు, అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. హెచ్ఎల్ఏ అనే జీన్లలో ఒక రకం ఉన్నవాళ్లకి లక్షణాలు లేకుండా పోయే అవకాశం ఎక్కువని 2023లో నేచర్‌లో పేపర్ వచ్చింది. తెలుసుకోవాలంటే ఎన్ యాంటీబాడీ టెస్ట్ ఉంటుంది, ఎన్ అంటే వైరస్ లోపలి ప్రోటీన్, ఎస్ అంటే పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్, వ్యాక్సిన్ వల్ల ఎస్ యాంటీబాడీ మాత్రమే వస్తుంది, ఎన్ ఉందంటే అసలు వైరస్ వచ్చినట్టే.

పాతకాపు:
అదే నేనంటా, ఆ టెస్ట్ చేయించుకో తమ్ముడూ, తెలిసిపోద్ది.

ఫార్మసీ అక్క:
వద్దు, అనవసరం. పైగా ల్యాబ్ తమ్ముడు చెప్పింది ఇక్కడి వ్యాక్సిన్లకి సరిపోతుంది, మనవాళ్లకి అన్నిటికీ కాదు. కోవిషీల్డ్ అయితే సరే, అందులో స్పైక్ ఒక్కటే. కోవాక్సిన్ మొత్తం వైరస్‌ని చంపి చేసిన టీకా, అది వేసుకున్నవాళ్లకి వైరస్ రాకపోయినా ఎన్ పాజిటివ్ రావచ్చు. ఆ కాగితం చూసి ఏం తేల్చుకుంటాడు. ఇప్పుడు చేయించుకున్నా రేపు చేయించుకున్నా ట్రీట్‌మెంట్ ఏం మారదు.

ల్యాబ్ తమ్ముడు:
కోవాక్సిన్ పాయింట్ కరెక్టే అక్కా. అయినా 2021లో వేసుకున్నదాని ఎన్ ఇన్నేళ్లు ఉంటుందా అనేది వేరే చర్చ, దాని మీద ఇంకో థ్రెడ్ పెడతా.

మూడో సెమిస్టర్:
అందరూ వ్యాక్సిన్ల దగ్గర ఆగిపోయారు, వాడు సెవిస్ గురించి అడిగాడు. తమ్ముడూ, జబ్బు చేసి కొన్ని క్లాసులకి వెళ్లకపోతే వీసా స్టేటస్‌కి ఏం కాదు. స్టేటస్ పోయేది ఎక్కడంటే, ఒంట్లో బాలేదని నీ అంతట నువ్వు కోర్స్ డ్రాప్ చేసి ఫుల్ టైమ్ కన్నా తక్కువ క్రెడిట్లలోకి వెళ్తే. అలా చేయాల్సి వస్తే ముందు డీఎస్ఓ, అంటే యూనివర్సిటీలో వీసా విషయాలు చూసే ఆఫీసర్, పర్మిషన్, దానికి డాక్టర్ లెటర్, ఆ తర్వాతే డ్రాప్. డ్రాప్ చేసి తర్వాత చెప్దాం అంటే కుదరదు. ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే, ప్రొఫెసర్లందరికీ ఇవాళే మెయిల్ పెట్టు, పెద్ద కథ వద్దు, కోవిడ్ పాజిటివ్, ఫలానా రోజు నుంచి రాలేను, రికార్డింగ్ ఉంటే ఇవ్వండి అని. టెస్ట్ ఫోటో తీసి ఉంచుకో. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) జాబ్ ఉంటే సూపర్‌వైజర్‌కి కూడా.

రూమ్‌మేట్స్‌కి చెప్పేయ్. ఒకటే బాత్రూమ్ అంటే నువ్వు దాచినా వాళ్లకి వస్తుంది, రెండ్రోజులాగి తెలిస్తే ఇంకా కోపం వస్తుంది. బాత్రూమ్ చివరగా నువ్వు వాడు, ఎన్95 పెట్టుకుని వెళ్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వదిలెయ్, నీ గది కిటికీ తీసి పెట్టు. ఇది గాల్లో వచ్చేది, డెట్టాల్‌తో తలుపు హ్యాండిల్స్ తుడుస్తూ కూర్చుని కిటికీ మూసుకుంటే లాభం లేదు. పాతకాపు అన్న చెప్పిన లీజు విషయంలో ఒక్కటి, ఓనర్ ఉండే ఇంట్లోనే గది అద్దెకి ఉంటే కొన్ని రాష్ట్రాల్లో రూల్ వేరేగా ఉంటుంది, ప్రతి చోటా కోర్టు ఆర్డర్ కావాలి అనుకోవద్దు. యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉందేమో చూడు, చాలా చోట్ల ఉంటుంది.

పాతకాపు:
నాకు జరిగింది నేను చెప్పా. మా రాష్ట్రంలో అదే చట్టం.

రెండేళ్లుగా లాంగ్ కోవిడ్:
ఇది ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. తమ్ముడూ జ్వరం పోయిన మర్నాడే బ్యాక్‌లాగ్ అంతా ఒకే రాత్రి లాగించేయకు, జిమ్‌కి వెళ్లకు. నాకు కోవిడ్ తేలిగ్గానే వచ్చింది, ఆఫీసులో రిలీజ్ ఉందని జ్వరం తగ్గగానే రాత్రిళ్లు కూర్చున్నా, ఇప్పటికీ రెండు అంతస్తుల మెట్లెక్కితే మర్నాడు మంచం మీదే. నా పని వల్లే వచ్చిందని అనను, ఎవరికి వస్తుందో ముందే చెప్పలేరు, అందరికీ రాదు, నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ కాస్త శ్రమ పడ్డాక ఒకటి రెండు రోజులాగి నీరసం విరుచుకుపడుతుంటే అది బద్ధకం అనుకోకు, ఇంకా గట్టిగా పరిగెత్తి దాన్ని తరిమేద్దాం అనుకోకు. తగ్గించుకో, డాక్టర్‌తో చెప్పు, ఫైల్లో రాయించు. మొదట్లో రాయించనందుకు తర్వాత ఇన్సూరెన్స్ దగ్గర, మేనేజర్ దగ్గర ప్రతిసారీ మొదటి నుంచి నిరూపించుకోవాల్సి వస్తోంది.

ఫార్మసీ అక్క:
చాలా మంచి మాట. ఎమర్జెన్సీ గురించి కూడా చెప్పేస్తా. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో తగ్గని నొప్పి, మనిషి అయోమయంగా మాట్లాడటం, పెదాలు నీలంగా లేదా బూడిద రంగులోకి మారడం, లేపినా లేవకపోవడం, వీటిలో ఏది ఉన్నా 911, బిల్లు గురించి తర్వాత. ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా ఎమర్జెన్సీ రూమ్‌లో చూసి తీరాలి, 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, బిల్లు మాత్రం వస్తుంది. అంత లేకపోతే ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్స్ లైన్ నంబర్ ఉందేమో చూడు, ముందు వాళ్లతో మాట్లాడు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంటే మన లాంటి చామనఛాయ చర్మం మీద అది కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది, కాబట్టి నంబర్ బాగుంది కదా అని ఆయాసాన్ని పట్టించుకోకుండా ఉండకు. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది.

కొత్తబ్యాచ్:
అందరికీ చాలా థాంక్స్. ప్రొఫెసర్లకి మెయిల్స్ పెట్టేశా, ఇద్దరు అప్పుడే రికార్డింగ్ లింక్ పంపారు. రూమ్‌లో చెప్పా. ఒకతను ఫ్రెండ్ ఇంటికి వెళ్తానంటున్నాడు, మిగతా ఇద్దరు ఏం అనలేదు, తలుపు దగ్గర నీళ్ల బాటిళ్లు పెట్టారు. స్టెరాయిడ్ విషయం అమ్మకి ఫోన్లో చెప్తే మన డాక్టరే ఇచ్చాడు కదా అంటోంది. డాక్టర్ లెటర్ కోసం వెళ్తే హెల్త్ సెంటర్లో పీసీఆర్ కూడా చేస్తామన్నారు, చేయించుకోనా?

ఫార్మసీ అక్క:
పాజిటివ్ అని కాగితం కావాలంటే ఇప్పుడు చేయించుకో, పర్లేదు. తగ్గాక నెగటివ్ చూపించమని ఎవరైనా అడిగితే మాత్రం పీసీఆర్‌కి వెళ్లకు, చచ్చిన వైరస్ ముక్కలకి కూడా 90 రోజుల దాకా పాజిటివ్ రావచ్చు, పాతకాపు గారికి అయింది అదే. అప్పుడు ఇంటి టెస్ట్, లేదా డాక్టర్ లెటర్. ఫ్రెండ్ ఇంటికి వెళ్తానన్న అబ్బాయిని ముందు టెస్ట్ చేసుకోమను, అక్కడున్న వాళ్లకి విషయం చెప్పి వెళ్లమను. అమ్మగారితో నేను కావాలంటే మాట్లాడతా, ఇక్కడ మెసేజ్ పెట్టు.